రెండు గంటలకో సీసా

మొదటి రోజు రంగు పోశాం.
నీళ్ళు ఎటు పోతాయో ఊరికే అడిగితే చెప్పవు కదా.
మధ్యాహ్నానికల్లా పెతి రివాజ్ ఖాతం
ఎవరో పారాణి గిన్నె ఒలకబోసినట్టయింది.
రేవుగట్టు మీద జనం, చేతుల్లో ఫోన్లు.
ప్రమాదం లేదని, రేపటికి పోతుందని
మార్గెట్ గొంతు బొంగురుపోయేదాకా చెప్పింది.
"పోయేదానికి పొయ్యడమెందుకమ్మా?"
అన్నాడు లాబ్‌స్టర్ బుట్టలు అల్లే ముసలాయన.
ఆ మాట నా నోటుపుస్తకంలో రాసుకున్నాను,
గాలి దిక్కు పక్కన, నీటి చలి పక్కన.

మూడో రోజు అసలు మందు.
కడుపులో మంటకి చెంచాతో తాగేదే,
ఇక్కడ ట్యాంకర్లతో వచ్చింది.
కరెంటు ప్లాంటు వేడినీళ్ళు వదిలే గొట్టంలోకి
చంటిబిడ్డకి ఉగ్గు పట్టినట్టు
తెల్లగా, సన్నగా, తొందర లేకుండా.

నా పని చాలా చిన్నది.
రెండు గంటలకో సీసా ముంచాలి.
లోపల ఒక్క గాలిబుడగ మిగలకుండా మూత బిగించాలి.
వేళ్ళు కొయ్యబారితే చంకలో దాచుకోవాలి.
మే నెలే గానీ ఈ నీళ్ళకి ఆ సంగతి తెలియదు.

పడవ ఆన్సెల్మ్ తిబోదోది.
ఒకప్పుడు ఆల్చిప్పలు పెంచేవాడు.
ఏడేళ్ళ కిందటి వసంతంలో
తొట్టెల్లో పుట్టిన కోటి పిల్లలు
రెండో రోజు తెల్లారేసరికి
అడుగున బూడిదలా పేరుకున్నాయి.
రోగం కాదు, ఆకలి కాదు.
"గుల్ల కట్టుకోలేకపోయాయి" అంటాడు,
గోడలు లేవని ఇంటి గురించి చెప్పినట్టు.
అంతకన్నా ఏమీ అనడు.
ఆ తొట్టెలు అమ్మలేదు.
వాటినిండా ఇప్పుడు పాత తాళ్ళు, లైఫ్ జాకెట్లు,
పిల్లి ఒకటి.

ఏట్లో చింతపండు పిసికినట్టు అంటాం
దండగ పనిని.
ఎంత పిసికినా ఏరు పులవదని ధీమా.
రెండు వందల ఏళ్ళు పిసికాం.
పొగగొట్టాలతో, రైళ్ళతో, కార్లతో,
ఇదిగో, నా కాళ్ళ కింద దగ్గుతున్న ఈ ఇంజనుతో కూడా.
ఏరేం ఖర్మ, సముద్రమే పులిసింది.
సామెత అబద్ధమాడింది.
పులిసిన చోట సున్నం లాంటిదేదో కలుపుతూ
ఆ సామెత ఇటువైపైనా
అబద్ధం కావాలని కూర్చున్నాం.

అర్ధరాత్రి సీసాలో అంకె కొంచెం కదిలింది.
దశాంశం తర్వాత రెండో స్థానంలో.
మార్గెట్ రెండుసార్లు చూసి కాఫీ పోసుకుంది.
"ఇంక గాలిలోని బొగ్గు నీళ్ళలోకి దిగాలి" అంది.
ఎప్పుడు?
"నెలలు."
ఎక్కడ?
చేత్తో చీకటంతా చూపించింది.
పోటు ఆపాటికే తిరిగింది.
మా మందు లైట్‌హౌస్ దాటి,
మా పడవ చమురు చాలని దూరాలకి పోతోంది.
అక్కడ సీసా ముంచేవాళ్ళు లేరు.
లెక్క కడతారట. లెక్కల్లో తప్పులుంటే
వాటికీ ఒక లెక్క ఉందట.
నేను నమ్మానో లేదో నాకే తెలియలేదు.
మూత మాత్రం గట్టిగా బిగించాను.

రెండు గంటలప్పుడు ఆన్సెల్మ్ స్టీరింగు వదలకుండానే అన్నాడు:
"ఒక సీసా ఎక్కువ ముంచు."
దేనికని అడగలేదు.
కోటు లోపలి జేబులో పెట్టుకుని
పైన చెయ్యి ఆనించి నడిపాడు,
గుడ్డు దాచుకున్నట్టు.

ఈ ఉదయం అతని ఇంటి ముందునుంచి వచ్చాను.
కంచె పొడవునా లైఫ్ జాకెట్లు ఆరుతున్నాయి.
నారింజ రంగువి, పదకొండు.
పిల్లి కోపంగా మెట్టు మీద కూర్చుంది.
లోపల ఎవరో
బ్రష్షుతో తొట్టె రుద్దుతున్న చప్పుడు.

నేను ఆగలేదు.
ఎనిమిదింటి సీసాకి వేళవుతోంది.